ఒత్తిడి పెంచకు, ముందు కణాలు చూడు

తమ్ముడూ, అదే ఈస్ట్, అదే మెంబ్రేన్ (సన్న రంధ్రాల ఫిల్టర్), అయినా ఈసారి బ్రాత్ (ఈస్ట్ పెంచిన ద్రవం) దిగట్లేదు, ఒత్తిడి పెంచినా లాభం లేదన్నావు. ఒక చుక్క స్లైడ్ మీద వేసి మైక్రోస్కోప్‌లో చూడు. మామూలు ఈస్ట్ 5 నుంచి 10 మైక్రాన్ల కోడిగుడ్లలా ఉంటుంది, సందుల్లోంచి ద్రవం జారుతుంది. కణాలు పొడుగ్గా సాగి గొలుసులు కట్టాయంటే, ఒత్తిడికి మెంబ్రేన్ మీద పేరుకున్న కణాల పొర తడిగుడ్డలా అణిగి సందులు మూసుకుపోతాయి. నైట్రోజన్ చాలకపోతే కొన్ని రకాలు అలాగే సాగుతాయి. ఇక్కడ విశాఖలో మా ల్యాబ్‌లోనూ నైట్రోజన్ కోసం వేసే అమ్మోనియం సల్ఫేట్ తూకం తప్పి అదే జరిగింది (రెండు రోజులు పంపును తిట్టుకున్నాం, పాపం!). ఈ బ్యాచ్‌కి ఒత్తిడి తగ్గించి, బ్రాత్‌లో కాస్త డయాటమైట్ పొడి (కణాల మధ్య సందులు తెరిచి ఉంచే సన్నటి ఖనిజం) కలిపి వడకట్టు. కణాలే కావాలంటే పొడి వద్దు, సెంట్రిఫ్యూజ్‌లో గిరగిరా తిప్పి వేరుచెయ్యి. ఆకారం బాగానే ఉంటే మాత్రం, పగిలిన కణాల తుక్కు మెంబ్రేన్ రంధ్రాలకు అడ్డుపడిందేమో చూడు.