కింది అంతస్తు పిల్లర్ల గురించి మేనల్లుడికి

చెన్నై

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

బెంగళూరులో కొన్న థర్టీ ఫార్టీ సైటులో కింద కార్లకు స్టిల్ట్ (గోడలు లేకుండా పిల్లర్ల మీదే నిలిచే ఖాళీ అంతస్తు) వదిలి, పైన మూడంతస్తులు వేయదలచినట్లు రాసి పంపిన ప్లాను చూశాను. గదుల అమరిక మీ దంపతుల ఇష్టం, దాని గురించి నేను చెప్పవలసినది లేదు. అయితే "బెంగళూరు రెండో జోన్‌లో ఉంది, ఇక్కడ భూకంపాల గురించి ఆలోచించనక్కరలేదు" అని మీ కాంట్రాక్టరు అన్నట్లు రాసిన వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఈ ఉత్తరం దాని కోసమే.

భూకంప ప్రమాదాన్ని బట్టి దేశాన్ని జోన్లుగా విభజించిన పటాల్లో, 2016 నాటి దాని ప్రకారం రెండో జోన్ అన్నంతవరకు ఆయన మాట నిజమే. కానీ 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున లాతూర్ జిల్లా కిల్లారి పరిసరాల్లో వేలమందిని బలిగొన్న భూకంపం, అప్పటి పటంలో అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్నదిగా గుర్తించిన ఒకటో జోన్‌లోనే వచ్చింది. 2002లో భూకంపాలకు తట్టుకునే కట్టడాల లెక్కలు చెప్పే మన దేశపు ఐఎస్ 1893 నియమావళిని సవరించినప్పుడు ఆ ఒకటో జోన్‌నే తీసివేశారు, నేనుండే చెన్నైని రెండో జోన్ నుంచి మూడో జోన్‌లోకి మార్చారు. 1967 మార్చిలో ఒంగోలులో నేల కంపించినప్పుడు మీ అమ్మా నేనూ చిన్నపిల్లలం. అటక మీది ఇత్తడి బిందెలు దొర్లిపడిన చప్పుడు నాకింకా గుర్తుంది.

భూకంపం ఇంటిని పక్కనుంచి తోస్తుందని చాలామంది అనుకుంటారు. జరిగేది అది కాదు. నిండు బిందె నెత్తిన పెట్టుకుని చాప మీద నిలుచున్న మనిషి కాళ్ల కిందినుంచి ఎవరో ఆ చాపను చటుక్కున లాగితే, పాదాలు చాపతో కదులుతాయి, బిందె ఉన్నచోటనే ఉండిపోవాలని చూస్తుంది, ఆ రెంటి మధ్య నలిగేవి కాళ్లు. ఇంటికి కాళ్లు కింది అంతస్తు పిల్లర్లే. పైన బరువు ఎంత పెరిగితే వాటి మీద పడే అడ్డబలం అంత పెరుగుతుంది. కాబట్టి అనుమతి లేని నాలుగో అంతస్తు గురించీ, వెయ్యి లీటర్లకు ఒక టన్ను చొప్పున బరువు మోపే మేడ మీది నీళ్ల ట్యాంకుల గురించీ ముందే ఆలోచించుకో.

స్టిల్ట్‌తో వచ్చే చిక్కు ఇంకా లోతైనది. పై అంతస్తుల్లో పిల్లర్ల మధ్య ఇటుక గోడలు ఉండటం వల్ల ఆ భాగమంతా ఒకే దిమ్మలా బిగుసుకుని కదులుతుంది. కింద గోడలు లేవు గనుక ఊగవలసిన ఊగంతా ఆ కొద్దిపాటి ఎత్తులోనే, ఆ పిల్లర్లలోనే జరగాలి. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో ఇటువంటి అపార్టుమెంట్లు అనేకం కూలిపోయాయి. కొన్ని వారాల తరువాత నేనక్కడికి వెళ్లినప్పుడు, కింది పిల్లర్లన్నీ ఒకే వైపుకు ఒరిగిపోయి, పై అంతస్తుల కిటికీ అద్దాలు మాత్రం పగలకుండా ఉన్న భవనం ముందు నిలబడి మాట రాక చూశాను. ఆ మరుసటి ఏడు వచ్చిన నియమావళిలోనే, ఇలా గోడలు లేని అంతస్తు పిల్లర్లను, బీములను మామూలు లెక్కకు రెండున్నర రెట్ల బలానికి తట్టుకునేలా కట్టాలన్న నిబంధన చేరింది. నీ ఇంటికైతే స్టిల్ట్‌లో పొడవు దిక్కునా వెడల్పు దిక్కునా, పునాది నుంచి పై శ్లాబు దాకా సాగే కాంక్రీటు గోడలు కొన్ని ఇమ్మని స్ట్రక్చరల్ ఇంజనీరును అడుగు. అవి రెండు పక్కలా సమంగా ఉండాలి. మెట్లూ లిఫ్టూ ఒకే మూలన ఉండి, గట్టి గోడలన్నీ అక్కడే చేరితే భవనం ఊగడమే కాక మెలి తిరుగుతుంది.

ఇక పిల్లర్ల లోపలి సంగతి. కాంక్రీటు నలిగి విరిగేదే గాని సాగేది కాదు. సాగేది ఇనుము. ఊగుతున్న పిల్లరులో నిలువు కడ్డీలు బయటికి వంగిపోకుండా, లోపలి కాంక్రీటు రాలిపోకుండా పట్టి ఉంచేవి మన మేస్త్రీలు చివరి పనిగా, తొందరగా కడ్డీల చుట్టూ కట్టేసే ఆ చిన్న ఇనుప రింగులే. వాటి కొసలను లంబకోణంలో వంచి వదిలేస్తే, పై పొర కాంక్రీటు ఊడగానే రింగు విచ్చుకుంటుంది. 135 డిగ్రీలు వంచి కొసలను పిల్లరు గర్భంలోకి దింపాలి. పిల్లరు పైకొసన, కింది కొసన రింగుకూ రింగుకూ మధ్య 100 మిల్లీమీటర్లు మించకూడదు. బీమూ పిల్లరూ కలిసే కూడలిలో కూడా రింగులు ఉండాలి. సెంట్రింగ్ బిగించాక అక్కడ చెయ్యి పట్టదన్న సాకుతో ఎక్కువగా వదిలేసేది ఆ చోటే. కడ్డీల అతుకు శ్లాబును ఆనుకుని కాక, పిల్లరు ఎత్తులో మధ్య భాగంలో రావాలి. గోడలో కలిసిపోయి కనబడాలని తొమ్మిదంగుళాల పిల్లర్లు అడగకు. భూకంపానికి తట్టుకునేలా కాంక్రీటులో ఇనుము ఎలా అమర్చాలో చెప్పే 2016 నాటి ఐఎస్ 13920 నియమావళి పిల్లరు పక్క కనీసం 300 మిల్లీమీటర్లు, అంటే దాదాపు పన్నెండు అంగుళాలు ఉండాలంటుంది. ఈ నియమాలు మూడో జోన్ నుంచే తప్పనిసరి అని కాంట్రాక్టరు వాదించవచ్చు, అయినా నీవు పట్టుబట్టు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సైటులో విచ్చుకున్న రింగులు చూసి కూడా, కాంక్రీటు లారీ గేటు దగ్గర నిలిచి ఉందని, పెద్దవారితో మాటపడటం ఇష్టం లేక ఊరుకున్నాను. ఆ భవనంలో ఇప్పటికీ కుటుంబాలు ఉంటున్నాయి, ఆ వీధిలో వెళ్లినప్పుడల్లా నా మనసు బాధతో నిండుతుంది.

నేల గురించి ఒక్క మాట. మీ ఊళ్లో గట్టి రాయీ ఎర్రమట్టీ ఉన్నచోట్లు చాలా ఉన్నా, పూడ్చిన చెరువులూ తక్కువేమీ కావు. మెజెస్టిక్ బస్టాండు ధర్మాంబుధి చెరువులో, కంఠీరవ స్టేడియం సంపంగి చెరువులో కట్టినవే. 1985లో మెక్సికో నగరానికి 350 కిలోమీటర్లకు పైగా దూరంలో పుట్టిన భూకంపం, పాత సరస్సు మట్టి మీద నిలిచిన ప్రాంతంలో అనేక రెట్లు పెరిగి, ఆ మట్టి ఊపుకు తమ ఊపు కలిసిన ఎత్తయిన భవనాలను పడగొట్టింది. నీ ఇంటి ఎత్తు వేరు గనుక అదే గతి పడుతుందనడం లేదు. కానీ పూడిక మట్టి మీద పునాది అసమంగా దిగితే పిల్లర్లకు భూకంపం రాకముందే కష్టం మొదలవుతుంది. సాయిల్ టెస్టు చేయించకుండా గుంత తవ్వనివ్వకు.

ఇంజనీరు గీసిన పిల్లర్ల డ్రాయింగు నాకు పంపు. రింగులు కట్టాక, పలకలు మూయకముందు, ఒకరోజు పని ఆపించి నాకు కబురు చెయ్యి. ఉదయం బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో బయలుదేరితే మధ్యాహ్నానికి నీ దగ్గర ఉంటాను, ఒక్కొక్క పిల్లరూ ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో
మామయ్య