రోహిణీకార్తెలో ఆవిరి పైపుకు కప్పు ఎందుకు?

ప్రశ్న: ఒంగోలు శివార్లలో లాండ్రీ నడుపుతున్నాను. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల తువ్వాళ్లు ఉతుకుతాం. కట్టెల బాయిలరు, 7 కేజీల ప్రెషరు. అక్కడి నుంచి డ్రయ్యర్లకు, రోలర్ ఇస్త్రీ మెషినుకు 2 అంగుళాల స్టీమ్ పైపు సుమారు 20 మీటర్లు ఉంది. దాని మీద వేడిని ఆపే చుట్టు ఏదీ లేదు. మొన్న దుప్పట్లు మడతపెట్టే అమ్మాయి మోచేయి వాల్వుకు తగిలి బొబ్బలెక్కింది. ఇన్సులేషన్ చేయిద్దామంటే మా బావమరిది "రోహిణీకార్తెలో మన ఊళ్లో పైపు చల్లారేదేముంది? డబ్బు దండగ" అంటున్నాడు. పోనీ, థర్మాకోల్ చుట్టి పైన గోనెపట్టా కట్టించమంటారా?
- పేరు రాయవద్దన్న పాఠకుడు, ఒంగోలు

జవాబు: బావమరిదితో వాదనకు దిగకండి, లెక్క చూపించండి. 7 కేజీల ప్రెషరు దగ్గర ఆవిరి వేడి సుమారు 170 డిగ్రీలు. బయట 43 ఉన్నా ఆ పైపుకు అది చల్లని గాలే. చలికాలంలో కన్నా కాస్త తక్కువ వేడి పోతుంది, అంతే. మీ పైపు మీటరుకు 300 వాట్లకు పైనే పోగొడుతుంది. 20 మీటర్లంటే, 2 వేల వాట్ల గీజర్లు మూడు పెట్టి షెడ్డులో గాలిని కాగబెడుతున్నట్టు. గంటకు 10 కిలోలకు పైగా ఆవిరి దారిలోనే నీరైపోతుంది. పది గంటల షిఫ్టుకు 30-40 కిలోల సుబాబుల్ కట్టె దండగ. దండగ అన్న మాట ఆయన అక్కడ వాడాలి!

50 మిల్లీమీటర్ల మందం రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన పోగుల దూది) చుట్టిస్తే అందులో పదింట తొమ్మిది వంతులు ఆగుతాయి. ఇస్త్రీ రోలరుకు నీటి తుంపర్లు లేని పొడి ఆవిరి అందుతుంది, దుప్పటి తడితడిగా బయటకు రాదు.

థర్మాకోల్ మాట మరిచిపోండి. 100 డిగ్రీలకే మెత్తబడేది 170 దగ్గర కరిగి కారుతుంది. లాండ్రీలో నూలు దుమ్ము ఎటూ ఉంటుంది, దానికి గోనెపట్టా తోడైతే నిప్పును పిలిచినట్టే. ఏసీ పైపులకు తొడిగే నల్ల రబ్బరు కూడా ఈ వేడికి పనికిరాదు. పాత ఆస్బెస్టాస్ తాడు చవకగా ఇస్తామంటే వద్దనండి, దాని పోగులు ఊపిరితిత్తులకు చేటు.

ఇక ఆ అమ్మాయి చేయి కాలిన చోటు. బాయిలర్ల దగ్గరే జుట్టు నెరిసినవాణ్ణి, ఎక్కడ చూసినా ఇదే తంతు: మేస్త్రీ మీటరు లెక్కన పైపు చుట్టేస్తాడు, వాల్వులు, ఫ్లాంజిలు (పైపులను బోల్టులతో కలిపే చక్రాలు) బోడిగా వదిలేస్తాడు. ఒక్క బోడి వాల్వు సుమారు మీటరు బోడి పైపుతో సమానం. పైగా జనం చేతులు పడేది అక్కడే. వాటికి విప్పి కట్టుకునే జాకెట్లు కుట్టించండి. ఇనుము 60 డిగ్రీలుంటే ఐదు సెకన్ల తాకిడికే చర్మం కాలుతుంది. కాబట్టి పని అయ్యాక చుట్టు పైన కప్పిన రేకు వేడి అంతకు బాగా దిగువన ఉందో లేదో థర్మామీటరు పెట్టి చూశాకే బిల్లు చెల్లించండి.

చుట్టే ముందు కారుతున్న గ్లాండ్లు (వాల్వు కాడ చుట్టూ ఉండే బిగింపులు), జాయింట్లు బాగుచేయించండి. రాక్‌వూల్ తడిస్తే వేడిని ఆపదు, లోపల పైపు తుప్పు పడుతుంది, అది పైకి కనబడదు కూడా. మీకు ఉతుకుడు గది ఆవిరి ఒకటి, కొత్తపట్నం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి ఒకటి. అందుకని పైన అల్యూమినియం రేకు వేయించి, రేకు అతుకు కిందివైపుకు వచ్చేలా, పై అంచు కింది అంచు మీదకు దిగేలా కట్టించండి. నడినెత్తిన అతుకు పెడితే నీళ్లన్నీ లోపలికే.

సేఫ్టీ వాల్వును మాత్రం కప్పనివ్వకండి. స్టీమ్ ట్రాప్‌లు (ఆవిరిని ఆపి, చల్లారిన నీటిని మాత్రం వదిలేవి) కూడా అంతే. కొన్ని రకాల ట్రాప్‌లకు ముందున్న పైపు కొంత మేర బోడిగా ఉంటేనే అవి సరిగా తెరుచుకుంటాయి. ఆవిరి నీరయ్యాక బాయిలరుకు తిరిగి వచ్చే వేడినీళ్ల పైపును మాత్రం మరవద్దు: ఫీడ్ నీళ్లు (బాయిలరులోకి పోసే నీళ్లు) 6 డిగ్రీలు వేడెక్కితే కట్టె ఖర్చు సుమారు 1 శాతం తగ్గుతుంది. ఒకవేళ ఆ నీళ్లను ఇప్పుడు కాలువలోకి వదిలేస్తున్నారా? అయితే ముందు ఆ పైపు వేయించండి, రాక్‌వూల్ వచ్చే నెల చూద్దురు గాని. వాల్వుల జాకెట్లు మాత్రం ఈ వారమే.