వర్చువల్ పియానో (కంప్యూటర్‌లో పియానోలా మోగే సాఫ్ట్‌వేర్) ఎన్ని జీబీలుంటే అంత మంచిదా?

కాదు, ఫైలు సైజు ధ్వనిని తయారుచేసిన పద్ధతిని సూచిస్తుందే తప్ప నాణ్యతను కాదు. శాంపిల్ పియానోలో అసలు వాద్యపు మెట్లను మెల్లగానూ గట్టిగానూ నొక్కుతూ అనేకసార్లు రికార్డు చేస్తారు కనుక అది పదుల జీబీలకు చేరవచ్చు. పియానోటెక్ వంటి మోడలింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం సుత్తి తీగను తాకే తీరును అప్పటికప్పుడు లెక్కగట్టి ధ్వనిని పుట్టిస్తుంది కనుక దానికి అంత డిస్క్ అక్కర్లేదు, భారమంతా ప్రాసెసర్‌దే.

ఉదాహరణకు, యమహా సి5 గ్రాండ్ పియానో నుంచి రికార్డు చేసిన సాలమాండర్ అనే ఉచిత శాంపిల్ పియానోలో ఉన్నవి 16 వెలాసిటీ పొరలు, అంటే మెట్టును నొక్కే వేగాన్ని 16 స్థాయులుగా విడదీసి చేసిన వేర్వేరు రికార్డింగులు. ఆ వేగాన్ని తెలుపుతూ మ్యూజిక్ కీబోర్డు పంపే విలువలు 127 కాబట్టి సుమారు ఎనిమిదేసి విలువలకు ఒకే రికార్డింగు మోగుతుంది.

పొరలు పెరిగితే వాయింపు సహజంగా వినిపిస్తుందని చాలామంది అనుకుంటారు గానీ, కీబోర్డు వెలాసిటీ కర్వ్ (ఎంత గట్టిగా నొక్కితే ఏ విలువ పంపాలో నిర్ణయించే సెట్టింగు) మీ వేళ్ల ఒత్తిడికి కుదరకపోతే (తరచూ అసలు లోపం ఇదే) కొన్ని పొరలు ఎన్నడూ మోగకపోవచ్చు.