ఉంగరం తెల్లబడింది!

ప్రశ్న: మాది చెన్నై పెరంబూరు. మొన్న బాబుకి జ్వరం చూద్దామని పాత థర్మామీటర్ విదిలిస్తుంటే మంచం కోడుకి తగిలి పగిలింది. పాదరసం గుండ్లు నేలంతా దొర్లాయి. వేలితో పోగుచేయబోతే బంగారు ఉంగరం తెల్లబడింది. అత్తయ్య చీపురు తీస్తే ఆపాను. ఒకటే టెన్షన్. ఏం చెయ్యాలి సార్?

జవాబు: చీపురు ఆపి మంచి పని చేశారమ్మా. ఊడిస్తే ఒక గుండు వంద అవుతుంది, ఆవిరి పెరుగుతుంది. అసలు భయం ఆ ఆవిరితోనే. మా కాలేజీ ల్యాబులో అరచేతిలో పోసుకుని ఆడేవాళ్ళం, బుద్ధిలేక!

బాబుని వేరే గదిలో ఉంచి, కిటికీలు తెరవండి. గ్లవ్స్ వేసుకుని, గుండ్లను అట్టముక్కతో ఒకచోటికి తోసి, డ్రాపర్‌తో పీల్చి బిగుతు మూత సీసాలో వెయ్యండి. నీటికంటే 13.6 రెట్లు బరువు, టైల్స్ సందుల్లోకి దిగిపోతుంది. లైటు ఆర్పి టార్చి నేలకు ఆనించి వేస్తే తళుక్కుమంటుంది. సింకులో పొయ్యకండి, వాక్యూమ్ క్లీనర్ వాడకండి. సీసాని కార్పొరేషన్ వాళ్ళకి ప్రమాదకర చెత్తగా విడిగా ఇవ్వండి.

బంగారం పాదరసాన్ని పీల్చుకుంటుంది, అందుకే ఆ తెలుపు. స్టవ్ మీద కాల్చి పోగొడదామనుకునేరు, ఆ పొగ విషం. కంసాలికిస్తే పాదరసం తగిలిందని ముందే చెప్పండి.