బత్తాయి పూత వాసన సీసాలో దొరుకుతుందా?

పోయిన నెల నారింజ పూల పెర్ఫ్యూముల గురించి రెండు ముక్కలు రాశానో లేదో, ఉత్తరాలన్నీ దాని మీదే వచ్చాయి. అందుకే ఈసారి పేజీ మొత్తం ఆ పువ్వుకే.

ప్రశ్న: అక్కా, మాది నల్గొండ జిల్లా. పదేళ్ళుగా డాలస్‌లో ఉంటున్నాను. నాన్నకి బత్తాయి తోట ఉండేది. పూత మీదున్నప్పుడు సాయంత్రం గట్టు మీద నడుస్తుంటే వచ్చే వాసన నాకు ఇప్పటికీ గుర్తే. దాని కోసమే 'ఆరెంజ్ బ్లాసమ్' అని రాసున్న సీసాలు మూడు కొన్నాను. ఒకటి సబ్బులా ఉంది, ఒకటి పచ్చి ఆకు నలిపినట్టు చేదుగా ఉంది, మూడోది తేనె పూసినట్టు తియ్యగా ఉండి తల పట్టేస్తోంది. ఇందులో అసలుది ఏది? – ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: చెల్లీ, మూడూ నారింజ చెట్టు వాసనలే అయ్యుండొచ్చు. పెర్ఫ్యూముల వాళ్ళు ఎక్కువగా వాడేది చేదు నారింజ చెట్టు. ఆ ఒక్క చెట్టు నుంచే నాలుగైదు రకాల సరుకు తీస్తారు. పువ్వుల్ని బట్టీలో వేసి ఆవిరి పట్టించి, ఆ ఆవిరిని చల్లారిస్తే పైన తేలే నూనె నెరోలీ, అడుగున మిగిలే నీళ్ళు వంటల్లో వాడే నారింజ పూల నీళ్ళు. అవే పువ్వుల్ని ఆవిరి తగలనివ్వకుండా ద్రావకంలో నానబెట్టి తీస్తే చిక్కగా, ముదురు రంగులో వచ్చేది ఆరెంజ్ బ్లాసమ్ ఆబ్సల్యూట్. ఆకులు, లేత కొమ్మలు బట్టీలో కాచితే వచ్చేది పెటిట్‌గ్రెయిన్. ఇక కాయ తొక్క నూనె సంగతి మనకు తెలిసిందే, తొక్క విరిస్తే కంట్లోకి చిమ్మేది అదే.

నువ్వు సబ్బు అంటున్నది నెరోలీ అయ్యుంటుంది. దాని తప్పేం లేదు, కొలోన్ అనే తేలికపాటి పెర్ఫ్యూముల్లోనూ మంచి సబ్బుల్లోనూ దాన్ని ఎంతోకాలంగా వాడుతూ రావడం వల్ల మన ముక్కుకి ఆ వాసన అంటే స్నానం అని అలవాటైపోయింది. చేదు పచ్చి వాసన పెటిట్‌గ్రెయిన్‌ది. తల పట్టేసింది చూశావూ, అది ఆబ్సల్యూట్ పోలికతో చేసినది. అందులో ఇండోల్, మిథైల్ ఆంథ్రనిలేట్ అనే రెండు పదార్థాలు నెరోలీలో కంటే గట్టిగా తెలుస్తాయి. పేర్లు చూసి కంగారు పడకు, రెండూ నీకు చిన్నప్పటి నుంచి తెలిసినవే. సాయంత్రం జడలో పెట్టుకున్న మల్లెలు అర్ధరాత్రికి వాడి, ఘాటుగా, కొంచెం కలరా ఉండలు గుర్తొచ్చేలా ఒక వాసన వేస్తాయి కదా, అది ఇండోల్. ద్రాక్ష రుచి బబుల్‌గమ్ నోట్లో వేసుకోగానే గుప్పుమనేది రెండోది. మల్లెలోనూ నారింజ పువ్వులోనూ రెండూ ఉంటాయి, అందుకే మనవాళ్ళకి ఈ పువ్వు మొదటిసారి వాసన చూసినా ఎక్కడో తెలిసిన మనిషిలా అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను, బాధపడకు. మీ నాన్నగారి తోటలోది తీపి బత్తాయి, సీసాల్లోది దాదాపుగా చేదు నారింజ. అక్కచెల్లెళ్ళే గానీ ఒకే మనిషి కాదు. పైగా గట్టు మీద నీకు వచ్చింది పువ్వు వాసన ఒక్కటే కాదు కదా, తడి మట్టి, ఆకు, చల్లబడుతున్న గాలి అన్నీ కలిసి వచ్చాయి. అచ్చంగా అదే కావాలంటే ఏ సీసాలోనూ దొరకదు. దగ్గరికి మాత్రం వెళ్ళొచ్చు. నేను చేసే పని చెప్తాను. నెరోలీ నూనె ఒక చుక్క ఒక కాగితప్పట్టీ మీద, పెటిట్‌గ్రెయిన్ ఒక చుక్క ఇంకో పట్టీ మీద వేసి, పది నిమిషాలు ఆగి, రెండు పట్టీలూ విసనకర్రలా పట్టుకుని ముక్కుకి జానెడు దూరంలో ఊపుతాను. ఆకు ముందొస్తుంది, దాని వెనకాల పువ్వు. మొదటిసారి అలా చేసినప్పుడు కుర్చీలోంచి లేవలేకపోయాను. నువ్వూ చేసి చూసి రాయి. నూనె మాత్రం ఒంటికి నేరుగా రాసుకోవద్దు.

ప్రశ్న: మేడమ్, నెరోలీ అంత ఖరీదు ఎందుకు? ఆ పేరు ఎక్కడిది? – విద్యార్థి, తిరుపతి

జవాబు: కిలో నూనెకి సుమారు టన్ను పువ్వులు కావాలి, అవీ చేత్తో కోసినవి. ట్యునీషియాలో నబుల్ అనే ఊరు దీనికి పెట్టింది పేరు. అక్కడ వసంతకాలంలో చెట్ల కింద గుడ్డలు పరిచి పువ్వు రాలుస్తారు, చాలా ఇళ్ళల్లో ఏడాదికి సరిపడా పూల నీళ్ళు ఇంట్లోనే రాగి బట్టీల్లో కాచుకుంటారు, మనం ఎండాకాలం ఆవకాయ పెట్టుకున్నట్టు. పేరేమో రోమ్ దగ్గరున్న నెరోలా అనే ఊరిది. 17వ శతాబ్దంలో ఆ ఊరి రాకుమారి తన చేతి తొడుగులకీ స్నానం నీళ్ళకీ ఈ నూనె వాడి దానికి పేరు తెచ్చిందంటారు. నారింజ అన్న మాట మాత్రం మన వైపు నుంచే వెళ్ళింది బాబూ. సంస్కృతంలో నారంగ, పారశీకం మీదుగా అరబ్బీలో నారంజ్, అక్కడి నుంచి స్పెయిన్‌కి.

ప్రశ్న: అక్కా, మాల్‌లో ఒకే రోజు ఏడు నారింజ పూల పెర్ఫ్యూములు రెండు చేతుల మీదా కొట్టించుకుని చూశాను. నాలుగోదాని తర్వాత అన్నీ ఒకేలా ఉన్నాయి. సేల్స్ అమ్మాయి కాఫీ గింజలు వాసన చూడమంది, అయినా లాభం లేదు. వీటిని పోల్చడం ఎలా? ఇంకో టెన్షన్, ఇవి ఆడవాళ్ళ వాసనలు అని ఫ్రెండ్స్ అంటున్నారు. – ఒక తమ్ముడు, హైదరాబాద్

జవాబు: తమ్ముడూ, ఏడు కొట్టించుకుంటే ఎవరి ముక్కయినా చేతులెత్తేస్తుంది. రోజుకి రెండే, మహా అయితే మూడు. కాఫీ గింజలు ఇంకో వాసన తప్ప మందు కాదు, బయటికి వెళ్ళి మామూలు గాలి పీల్చు, లేదా ఏమీ రాయని నీ మోచేతి మడత వాసన చూడు, చాలు.

ఒక మణికట్టు మీద ఒకటి, రెండో దాని మీద ఇంకొకటి. రుద్దకు. కొట్టిన వెంటనే ఒకసారి, అరగంటకి ఒకసారి, మూడు గంటలకి ఒకసారి చూసి, ప్రతిసారీ ఒక్క వాక్యం రాసుకో. నారింజ పూల విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే మొదటి పది నిమిషాలు నిన్ను పలకరించేది ఎక్కువగా నిమ్మ, బెర్గమాట్ లాంటి తొక్క నూనెలే, పువ్వు వాటి వెనక నిలబడి ఉంటుంది. షాపులో పది నిమిషాలకే బిల్లు వేయించుకున్నవాళ్ళు కొన్నది పువ్వుని కాదు, తొక్కని.

మొదట కొలోన్ వైపు ఒకటి చూడు. జర్మనీలోని కొలోన్ నగరంలో ఫరీనా కుటుంబం 1709లో వ్యాపారం మొదలుపెట్టింది. ఇటలీ నుంచి వచ్చిన యోహాన్ మరియా ఫరీనా, వాన వెలిసిన తర్వాతి ఇటలీ ఉదయాన్నీ నారింజ పూలనీ గుర్తు తెచ్చే వాసన చేశానని అన్నకి ఉత్తరం రాశాడు. మా డాలస్ చెల్లిలాగే ఆయనకీ ఊరి బెంగే. ఆ దారిలోదే 4711 అనే కొలోన్, చవకే, గంటలో ఎగిరిపోతుంది, అయినా నెరోలీ అంటే ఏమిటో ముక్కుకి నేర్పుతుంది. టామ్ ఫోర్డ్ 'నెరోలీ పోర్టోఫినో' కూడా ఆ వరసే, ధర మాత్రం ఆకాశంలో. దాన్ని ముందు చిన్న సీసాలో చూడకుండా కొనకు.

తర్వాత రెండో వైపుకి, అంటే చిక్కటి పూల వాసనల వైపుకి రా. సెర్జ్ లుటాన్స్ 'ఫ్లర్ దొరాంజే'లో నారింజ పువ్వు పక్కన మల్లెజాతి పూలు, రజనీగంధ, జీలకర్ర కూడా ఉన్నాయి. ఆ జీలకర్రే నాకు ప్రాణం, పూలు పెట్టుకున్న మనిషి పక్కన కూర్చున్నట్టుంటుంది. కొందరికి అదే చెమట వాసనలా అనిపిస్తుంది, వాళ్ళనీ తప్పు పట్టలేను. పెర్ఫ్యూములు తయారుచేసే బెర్ట్రాండ్ దుషోఫూర్ 2012లో చేసిన 'సెవిల్ ఆ లోబ్'లో అదే పువ్వుకి సాంబ్రాణి పొగ, తేనెమైనం కలిశాయి. స్పెయిన్‌లోని సెవిల్‌లో వీధి పొడవునా నారింజ చెట్లే, అవి పూసే రోజుల్లోనే ఈస్టర్ వారం ఊరేగింపులు కొవ్వొత్తులతో, ధూపంతో నడుస్తాయి. మన ధనుర్మాసపు తెల్లవారుజాము గుడి తెలిసినవాళ్ళకి ఆ కలయిక వెంటనే పట్టుబడుతుంది.

ఇక మగవాళ్ళ మాట. జాన్ పాల్ గోతియే 'లె మాల్' 1995లో వచ్చింది, మగవాళ్ళ కోసమే. పుదీనా, లావెండర్, వెనిలాల మధ్యలో నారింజ పువ్వు ఉంది. చేసింది ఫ్రాన్సిస్ కుర్కిజాన్. ఆయనే 2011లో ఎలీ సాబ్ 'లె పార్ఫాం'లో ఆ పువ్వునే మల్లె, తేనె, పచోలీ ఆకు వాసనలతో ఆడవాళ్ళకి కట్టాడు. ఈ రెండూ చెరో చేతికి కొట్టుకుని ఒక సాయంత్రం కూర్చో. పువ్వు ఒకటే, పక్కన కూర్చోబెట్టినవాళ్ళు వేరు. నేను నేర్చుకున్న పోలికలన్నిట్లోకీ నాకు ఎక్కువ నేర్పింది ఇదే. మీ ఫ్రెండ్స్‌కి పేరు చెప్పకుండా వాసన చూపించు.

ప్రశ్న: నా దగ్గర నారింజ పూలవి తొమ్మిది పెద్ద సీసాలున్నాయి. అద్దం బల్ల మీద వరసగా పెట్టుకున్నాను. రెండింటి రంగు లేత పసుపు నుంచి టీ రంగుకి మారింది. పారేయాలా? – గృహిణి, విజయవాడ

జవాబు: అయ్యో, పారేయకండమ్మా. రంగు మారినంత మాత్రాన పాడైనట్టు కాదు. ఇందాక చెప్పిన మిథైల్ ఆంథ్రనిలేట్ పెర్ఫ్యూములోని కొన్ని పదార్థాలతో మెల్లగా కలిసి పసుపు, నారింజ రంగులు తెప్పిస్తుంది. ఈ పువ్వు పెర్ఫ్యూములకి అది మామూలే. తెల్ల చీర మీద నేరుగా కొట్టకండి, మరక పడుతుంది, నా గద్వాల చీర ఒకటి అలాగే పోయింది. పాడైందో లేదో ముక్కుతోనే తేల్చాలి. కొట్టగానే నిమ్మ తాజాదనం పోయి పుల్లగా, పాత నూనెలా వస్తే పై వాసనలు పోయినట్టు. పావుగంట ఆగి చూడండి, చాలాసార్లు లోపలి పువ్వు బాగానే ఉంటుంది.

కానీ ఆ బల్ల మీద నుంచి మాత్రం ఇవాళే తీసేయండి. మే నెల విజయవాడ ఎండ, కిటికీ వెలుతురు ఈ సీసాలకి శత్రువులు. అట్టపెట్టెల్లో పెట్టి బీరువా కింది అరలో, నిలబెట్టి ఉంచండి. ఇక మీదట పెద్ద సీసాలు వద్దు. రెండు మిల్లీలీటర్ల శాంపిల్స్ ఇరవై ఉంటే తొమ్మిది పెద్ద సీసాల కంటే గొప్ప కలెక్షన్, పైగా అన్నీ తాజాగా ఉండగానే పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

ప్రశ్న: మావారు దుబాయ్ నుంచి నారింజ పూల నీళ్ళ సీసా తెచ్చారు. ఒంటికి కొట్టుకోవచ్చా? – కరీంనగర్

జవాబు: రుమాలు మీద చల్లుకోండి, నిమిషాల్లో పోతుంది. అది వంటింటి సరుకు. లెబనాన్‌లో రాత్రి భోజనం అయ్యాక వేడినీళ్ళలో కొంచెం ఆ నీళ్ళు కలిపి తాగుతారు, కాఫీ చుక్క లేకపోయినా దాన్ని తెల్ల కాఫీ అంటారు. సీసా మీద తినడానికి పనికొస్తుందని రాసుంటే గ్లాసుకి ఒక చెంచా వేయండి. సేమ్యా పాయసంలో దించే ముందు అర చెంచా కూడా బాగుంటుంది, యాలకులు మానేసి.