ఫిబ్రవరిలో బ్లాక్ హిస్టరీ ప్రోగ్రామ్: పిల్లల చేత ఏం వేయించాలి?

అమెరికాలో ఫిబ్రవరి అంటే నల్లజాతివాళ్ల చరిత్రని గుర్తుచేసుకునే నెల. ఆ ప్రోగ్రామ్‌లో మన పిల్లల చేత ఏం వేయించాలని అడిగారు, పది మంది పిల్లలు, ఆరు నుంచి పదకొండేళ్ల వాళ్లు, చేతిలో మూడు వారాలు అన్నారు కదండీ. ఇక్కడి షార్లెట్ ఊళ్లో మా కాలనీ తెలుగు పిల్లలతో రెండేళ్లు చేయించాను కాబట్టి చెప్తున్నా.

మొదటి ఏడాది మన ఏకపాత్రాభినయాల పద్ధతే పట్టాను. ఒక్కొక్కరికీ ఒక్కో మహనీయుడు, నాలుగేసి వాక్యాలు. మైకు ముందు గడగడా అప్పజెప్పి దిగిపోయారు. బానిసల్ని తప్పించి స్వేచ్ఛకి చేర్చిన హారియట్ టబ్‌మన్ వేషం వేసిన పాపని "ఆవిడ ఏం చేసింది?" అని అడిగితే "మేరీలాండ్‌లో పుట్టింది" అంది. తప్పు పాపది కాదు, నేను రాసిచ్చిన మొదటి వాక్యం అదే.

రెండో ఏడాది ఒకే కథ తీసుకున్నాం, అలబామాలోని మాంట్‌గోమరీ ఊళ్లో నల్లవాళ్లు చేసిన బస్సుల బహిష్కరణ. అక్కడి బస్సుల్లో తెల్లవాళ్ల కోసం నల్లవాళ్లు లేచి సీటివ్వాలనేవారు. అలా సీటివ్వనన్నందుకు రోజా పార్క్స్ అనే ఆవిడ అరెస్టయ్యాక 1955 డిసెంబర్ 5న మొదలై 381 రోజులు నడిచింది. ఇందులో పిల్లలకి చేతినిండా పని ఉంటుంది. కాలేజీలో పాఠాలు చెప్పే జో ఆన్ రాబిన్సన్ రాత్రికి రాత్రి వేల కరపత్రాలు తీయించారు కదా, మా పిల్లలు హాల్లోకి దిగి ప్రేక్షకులకే కరపత్రాలు పంచారు. కార్లున్నవాళ్లు లేనివాళ్లని ఎక్కించుకున్నారు. స్టేజీ మీద నాలుగు కుర్చీలేస్తే కారు, పన్నెండు వేస్తే బస్సు. అంతకు తొమ్మిది నెలల ముందే సీటివ్వనని అరెస్టయిన క్లాడెట్ కాల్విన్‌కి అప్పుడు పదిహేనేళ్లే. అది తెలిశాక మా పెద్ద పిల్లలంతా ఆ పాత్రకే ఎగబడ్డారు. కోర్టులో గెలిచాక, 1956 డిసెంబర్ 21న, అందరూ నచ్చిన సీట్లో కూర్చోవడంతో ముగించాం.

ఒక్కటి మాత్రం ఇవాళే గ్రూపులో మెసేజ్ పెట్టండి: ముఖానికి నల్లరంగు వద్దు. ఫ్యాన్సీ డ్రెస్ అలవాటుతో ఒకావిడ రంగు కొనేశారు, రిహార్సల్లో చూసి నాకు చెమటలు పట్టాయి. ఇక్కడ తెల్లవాళ్లు ముఖాలకి మసి పూసుకుని నల్లవాళ్లని వెక్కిరించే ఆటలు తరాల పాటు ఆడారు. మనం ఏ ఉద్దేశంతో పూసినా చూసేవాళ్లకి అదే గుర్తొస్తుంది. కోటు, టోపీ, చేతిసంచీ చాలు.

నల్లవాళ్లని సీట్లోంచి లేవమనే బస్సు డ్రైవర్ పాత్ర ఏ పిల్లాడికీ ఇవ్వలేదు. తెర వెనక నుంచి ఒక నాన్నగారు గొంతిచ్చారు. స్క్రిప్టు మాత్రం ముందుగా మా పక్కింటి నల్లజాతి టీచరుగారికి చూపించాం. ఆవిడ రెండు డైలాగులు కొట్టేశారు, మారు మాట్లాడకుండా తీసేశాం.

ఆరేళ్ల వాళ్లకి మాటలు పెట్టకండి, బస్సెక్కకుండా నడిచి వెళ్లేవాళ్లలో కలిపేయండి. మధ్యలో ఆగి వాళ్లమ్మకి చెయ్యి ఊపుతారు, ఊపనివ్వండి.