ముక్కమంటే ఎక్కడ ముక్కాలో నాకు గంట తర్వాత తెలిసింది

కాన్పులో పుష్ చేయమన్నప్పుడు, అంటే ముక్కమన్నప్పుడు, అసలు ఏం చేయాలి, ఎంతసేపు పడుతుంది, నా వల్ల అవుతుందా అని అడిగారు కదా, నాకు రెండు నార్మల్ డెలివరీలే, తెలిసింది చెప్తాను.

మొదటి కాన్పులో నేను ముక్కిందంతా మొహంతోనే అండి. పళ్ళు బిగించి, గొంతు చించుకుని... మర్నాడు అద్దంలో చూసుకుంటే కళ్ళు ఎర్రగా, బుగ్గల నిండా సన్నటి ఎర్ర చుక్కలు, లోపల చిన్న రక్తనాళాలు చిట్లాయట, కొన్ని రోజులకి పోయాయి లెండి. అంత చేసినా బిడ్డ ఉన్నచోటే ఉంది. చివరికి ఒక నర్సమ్మ "గొంతులో కాదమ్మా, మోషన్ గట్టిగా వచ్చినప్పుడు ఎలా ముక్కుతావో అలా కిందకి ముక్కు" అంది, రెండు నొప్పుల్లోనే తేడా తెలిసింది. అలా ముక్కితే కాస్త మోషన్ కూడా అయిపోవచ్చు, వాళ్ళకి అది మామూలే, తుడిచేస్తారు. నేను ఆ సిగ్గుతోనే సగం బలం బిగబట్టుకున్నా.

ఇంకోటి, గర్భసంచి మూతి 10 సెంటీమీటర్లు తెరుచుకోకముందే ముక్కాలనిపించొచ్చు, అప్పుడు వద్దంటే మాత్రం ఆగాలి, ఉఫ్ ఉఫ్ అని ఊదుతూ, లేకపోతే ఆ మూతి వాచిపోయే ప్రమాదం ఉందని చెప్పారు. ఇక టైమ్ అంటే తొలి కాన్పుకి రెండు మూడు గంటలు పట్టినా కంగారు లేదు, ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా నడుములో ఇచ్చే మందు) తీసుకుంటే ఇంకాస్త ఎక్కువే (నొప్పి తెలీదు కాబట్టి ఎప్పుడు ముక్కాలో వాళ్ళే చెప్తారు). నా రెండోది ఇరవై నిమిషాల్లో అయిపోయింది. నొప్పి ఉండేది నిమిషం, నిమిషంన్నర, మధ్యలో వచ్చే గ్యాప్‌లో ఒళ్ళు పూర్తిగా వదిలేయండి, నేనైతే నిజంగా కునుకు తీశాను!

తల కనిపించి మళ్ళీ లోపలికి పోతుంది, "ఇంతసేపూ చేసింది వేస్టా" అని నేను ఏడ్చేశా, కానీ అది అలాగే ముందుకీ వెనక్కీ వస్తూ దారి చేసుకుంటుందట. ఆఖర్లో కారం రాసినట్టు భగ్గుమని మంట, అప్పుడే "ఇక ముక్కకు, ఆయాసపడుతున్నట్టు ఊపిరి వదులు" అంటారు, తల మెల్లగా వస్తే చర్మం సాగడానికి టైమ్ దొరుకుతుంది, చిరుగు తగ్గుతుంది. ఆపుకోవడం ముక్కడం కంటే కష్టం, నిజం చెప్తున్నా.

రెండోసారి వెల్లకిలా వద్దని ముందే అడిగి పక్కకి తిరిగి పడుకున్నా, నాకు నడుముకి చాలా హాయిగా అనిపించింది. మీ డాక్టర్‌ని ఇప్పుడే అడిగి పెట్టుకోండి, ఆ టైమ్‌లో అడిగే ఓపిక ఉండదు.